ఫ్యూమ్ హుడ్ సౌండ్ వస్తే సరిపోదు సార్, గాలి పీలుస్తోందో లేదో చూడండి: మన సీమ కాలేజీల ప్రిన్సిపాళ్లకు ఒక ల్యాబ్ అసిస్టెంట్ బహిరంగ లేఖ

అనంతపురం, కర్నూలు, కడప వైపు డిగ్రీ, పీజీ కాలేజీల ప్రిన్సిపాల్ సార్లకు, మేడమ్‌లకు, కెమిస్ట్రీ హెచ్‌ఓడీలకు, మేనేజ్‌మెంట్ పెద్దలకు నమస్కారం.

నేను అనంతపురంలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అసిస్టెంట్‌గా చేస్తున్నా. పదకొండేళ్లయింది. అంతకుముందు ఐదేళ్లు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ఆర్ అండ్ డీ ల్యాబ్‌లో చేశా, అమ్మకి ఒంట్లో బాగాలేక ఊరికొచ్చేశా. కాలేజీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇది ఒక్క కాలేజీ సంగతి కాదు. ప్రాక్టికల్ ఎగ్జామ్స్ టైమ్‌లో సార్లతో పాటు వేరే కాలేజీలకి వెళ్తుంటా, కెమికల్స్ సర్దుబాటుకి వెళ్తుంటా, అలా మూడు జిల్లాల్లో కొన్ని ల్యాబులు కళ్లారా చూశా. చూసి చూసి, ఇంక మా సార్‌కి చెప్పి ఊరుకుంటే కుదరదనిపించి అందరికీ కలిపి రాస్తున్నా. సంగతి ఫ్యూమ్ హుడ్ గురించి, అంటే ఘాటు పొగలొచ్చే ప్రయోగాలు చేసే గూడు, ముందు పైకీ కిందికీ జరిగే అద్దం ఉంటుంది, లోపలి గాలిని టెర్రస్ మీదున్న బ్లోయర్ అనే మోటార్ ఫ్యాన్ గొట్టంలోంచి బయటికి లాగేయాలి. కొంచెం పొడుగుంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

పోయినేడు ఫిబ్రవరిలో ఎమ్మెస్సీ ఫస్టియర్ పిల్లలకి ఇత్తడి ఎస్టిమేషన్, అంటే ఇత్తడిలో ఏ లోహం ఎంతుందో తేల్చే ప్రయోగం నడుస్తోంది. ఇత్తడి ముక్కని నైట్రిక్ యాసిడ్‌లో కరిగించేటప్పుడు నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, ఇటుక రంగు పొగ, కెమిస్ట్రీ చదివినోళ్లకి ఆ రంగు జన్మలో మర్చిపోయేది కాదు. పొద్దున్నే హుడ్ స్విచ్ వేసింది నేనే. బర్రుమని సౌండ్ వచ్చింది, రోజూ వచ్చేదే. ఒక అమ్మాయి బీకర్ లోపల పెట్టి యాసిడ్ పోసింది. చాలా జాగ్రత్త గల పిల్ల, కోటు వేసుకుంది, కళ్లద్దాలు పెట్టుకుంది, చెప్పినవన్నీ చెప్పినట్టే చేసింది. పొగ లేచింది, లేచి వెనక్కి పోవాల్సింది పోలేదు, ముందున్న అద్దం కింద నుంచి మెల్లగా ఇవతలికి జారి ఆ అమ్మాయి ఛాతీ దగ్గర సుడి తిరిగింది. "అన్నా, పొగ బయటికొస్తాందన్నా" అంది. నేను ఏమన్నానో దాచను. "హుడ్ ఆన్‌లోనే ఉంది కదమ్మా, పోతుందిలే" అన్నా.

కొంచెం దగ్గింది, నీళ్లు తాగింది, రీడింగ్స్ రాసుకుని హాస్టల్‌కి పోయింది. రాత్రి పదకొండు దాటాక ఊపిరాడట్లేదని రూమ్మేట్స్ వార్డెన్‌ని లేపారు. ఈ గ్యాస్‌తో ఉన్న ఇబ్బందే అది, అమోనియా గానీ హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరిక్ యాసిడ్) ఆవిరి గానీ అయితే ముక్కులో, గొంతులో అప్పటికప్పుడు మంట పుట్టి మనిషి తనంతట తనే పక్కకి పరిగెత్తుతాడు, నైట్రోజన్ డయాక్సైడ్ నీళ్లలో అంత తొందరగా కరగదు కాబట్టి పైన పెద్దగా మంట పెట్టకుండానే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది, కొన్ని గంటలు పోయాక, ఒక్కోసారి మర్నాటికి, అక్కడ నీరు చేరడం మొదలవుతుంది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు, మూడు రోజులు ఉంచుకున్నారు. దేవుడి దయ వల్ల బాగైంది. వాళ్ల నాన్న వచ్చి నన్నేమీ అనలేదు, "ఏం వాసన పడిందప్పా బిడ్డకి" అని మాత్రం అడిగాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మర్నాడు పొద్దున ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు హుడ్‌లో ఉన్న బాటిల్స్ అన్నీ తీసి దూరంగా పెట్టేశా, మంట అంటుకునేది ఒక్కటీ లేదని రెండుసార్లు చూసుకుని, సరస్వతి పటం దగ్గర పెట్టే అగరుబత్తి ఒకటి వెలిగించి హుడ్ నోటి దగ్గర పట్టుకున్నా. బ్లోయర్ నడుస్తోంది, సౌండ్ అంతే ఉంది. అగరుబత్తి పొగ నిటారుగా పైకి లేచి, అద్దం అంచు దాకా పోయి, కాసేపు అక్కడే తచ్చాడి, సగం లోపలికి సగం నా మొహం మీదికి వచ్చింది. సీలింగ్ ఫ్యాన్ ఆపి చూశా, కొంచెం నయం, అంతే.

టెర్రస్ ఎక్కా. మోటార్ కాలిపోతే డిసెంబర్‌లో టౌన్‌లో రీవైండింగ్ చేయించి తెచ్చి బిగించాం, అది గుర్తొచ్చింది. బ్లోయర్ బయటి డబ్బా మీద ఎటు తిరగాలో బాణం గుర్తు ఉంటుంది, మాదానికి కనపడలేదు, ఇన్‌స్పెక్షన్ అప్పుడు ఆకుపచ్చ పెయింట్ మందంగా వేసేశారు. గోటితో గీకుతూ పోతే పోతపోసిన బాణం వేలికి తగిలింది. మోటార్ ఆపించి, ఆగిపోయేముందు చక్రం ఎటు తిరుగుతుందో చూశా. బాణానికి ఎదురు. త్రీ ఫేజ్ మోటార్‌కి మూడు వైర్లలో రెండు అటూ ఇటూ మారితే చాలు, ఉల్టా తిరుగుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది, ఈ రకం సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ ఉల్టా తిరిగినా గాలిని బయటి వైపే తోస్తుంది, కాకపోతే తోయాల్సిన దాంట్లో చాలా తక్కువ తోస్తుంది. సౌండ్ ఉంటుంది, గొట్టం దగ్గర చెయ్యి పెడితే కొంచెం గాలి కూడా తగులుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఎలక్ట్రీషియన్ అన్నని పిలిపించి రెండు వైర్లు మార్పించా, ఐదు నిమిషాల పని. కిందికొచ్చి అగరుబత్తి పెడితే పొగ దారం లాగినట్టు తిన్నగా వెనక్కి వంగి పోయింది. నాకు ఏడుపొచ్చింది సార్. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎన్ని బ్యాచ్‌లు ఆ హుడ్ ముందు నిలబడ్డాయో లెక్క వేసుకుంటే ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు.

అందుకే మీ అందరినీ అడుగుతున్నా, మీ కాలేజీలో హుడ్ నడుస్తోందా అంటే ఎవరైనా స్విచ్ వేసి సౌండ్ వినిపించి నడుస్తోంది సార్ అంటారు, ఆ మాట నమ్మకండి. గాలి కంటికి కనపడదు కాబట్టి కనపడేలా చేసి చూడాలి. అగరుబత్తి చాలు, లోపల సాల్వెంట్, అంటే ఈథర్ లాంటి మంట అంటుకునే ద్రవం ఏదీ లేనప్పుడు మాత్రమే వెలిగించాలి, ఇది మర్చిపోవద్దు. అది కూడా వద్దనుకుంటే అద్దం కింది అంచుకి సన్నటి టిష్యూ పేపర్ ముక్క అంటించండి, హుడ్ పీలుస్తుంటే అది లోపలికి ఒరిగి ఉంటుంది, రోజంతా కళ్లముందే ఉంటుంది, చదువురాని వాళ్లకి కూడా అర్థమవుతుంది. మా ల్యాబ్‌లో ఇప్పుడు అదే ఉంది.

నంబర్ కావాలంటే గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్ అని చేతిలో పట్టే చిన్న మిషన్ దొరుకుతుంది. హుడ్ నోటిని అడ్డంగా మూడు, నిలువుగా మూడు గళ్లు అనుకుని తొమ్మిది చోట్ల చూసి సగటు తీస్తే సెకనుకి అర మీటర్ దగ్గర ఉండాలి, పాత లెక్కలో నిమిషానికి 100 అడుగులు. 80 నుంచి 120 మధ్య ఉంటే మామూలుగా సరే అంటారు. ఎంత ఎక్కువ లాగితే అంత మంచిది అనుకుని పెద్ద మోటార్ పెట్టేవాళ్లు కూడా ఉన్నారు, అదీ తప్పే, 150 దాటితే లోపల సుడులు పుట్టి పొగ వెనక్కి పోకుండా ముందుకే తన్నుకొస్తుంది. ఇంకోటి, సగటు బాగుండి ఒక మూల మాత్రం బాగా తక్కువ ఉందంటే ఆ మూల వెనకాల ఏదో అడ్డం పడిందని లెక్క.

మన పాత మట్టి మిద్దెల్లో వంటగది పైన గవాచి ఉండేది చూడండి, పొయ్యి పొగ దాంట్లోంచి పోయేది. హుడ్ అంటే అలాంటిదే అనుకుంటారు చాలామంది, పొగ పైకి పోతుంది, పోయే దారి ఉంది, అంతే కదా అని. కాదు. గవాచిలో పొగ వేడికి తనంతట తను పైకి పోతుంది, హుడ్‌లో అలా వదిలేస్తే బ్రోమిన్ లాంటివి, ఈథర్ ఆవిరి లాంటివి గాలి కన్నా బరువు కాబట్టి కిందికి జారి బల్ల మీద పాకుతాయి. అందుకే హుడ్ వెనక గోడకి పలకలు పెట్టి, వాటి కింద ఒక సందు, పైన ఒక సందు వదులుతారు, కింద సందు బరువు ఆవిర్లకి, పైది తేలిక వాటికి. ముందు అంచు దగ్గర కూడా రేకు కింద చిన్న ఖాళీ ఉంటుంది, దాంట్లోంచి గాలి దూరి బల్లని ఊడ్చుకుంటూ పోవాలి. ఇప్పుడు మీరు మీ ల్యాబ్‌కి వెళ్లి చూడండి. వెనక సందుల ముందు రెండున్నర లీటర్ల యాసిడ్ బాటిళ్లు వరసగా పేర్చి ఉంటాయి, ముందు ఖాళీ మీద రికార్డు బుక్కులు ఉంటాయి. ముక్కు, నోరు రెండూ మూసేసి ఊపిరి పీల్చమన్నట్టు.

హుడ్ స్టోర్ రూమ్ కాదు సార్, ఇది నేను మా సార్‌తో ఎన్నిసార్లు గొడవ పెట్టుకున్నానో. వాసనొచ్చే బాటిల్ ఏదైనా ఉంటే హుడ్‌లో పెట్టెయ్ అంటారు, అలా ఒకటి ఒకటి చేరి ఇరవై అవుతాయి. గాలి దారి మూసుకుపోవడం ఒక నష్టం, ఏదైనా చిన్న మంట లేచిందంటే దానికి కావాల్సిన సరుకంతా పక్కనే సిద్ధంగా ఉండడం ఇంకో నష్టం. యాసిడ్‌లకి విడిగా బీరువా, సాల్వెంట్లకి విడిగా ఇనప బీరువా పెట్టించండి. హుడ్‌లో ఆ పూట ప్రయోగానికి కావాల్సినవి తప్ప ఏమీ ఉండకూడదు. ఫ్లాస్క్ వేడి చేసే హీటింగ్ మ్యాంటిల్ లాంటి పెద్ద సామాను పెట్టాల్సొస్తే రెండు అంగుళాలు ఎత్తు దిమ్మెల మీద పెడితే కింద నుంచి గాలి పోతుంది, మేము గ్రానైట్ ముక్కలు పెట్టాం, మన దగ్గర వాటికి కొదవ లేదు. వాడేసిన సాల్వెంట్‌ని బీకర్‌లో పోసి హుడ్‌లో వదిలేసి ఆవిరి చేసేసే అలవాటు కూడా ఉంది, అది పారబోసినట్టే, కాకపోతే గాలిలోకి పారబోసినట్టు.

పనిచేసే తీరు సంగతికొస్తే రెండే రెండు గీతలు గీయించండి, చాలా మార్పు వస్తుంది. హుడ్ లోపల బల్ల మీద ముందు అంచు నుంచి ఆరు అంగుళాలు లోపలికి ఎర్ర టేపు అంటించండి, బీకర్ ఏదైనా ఆ టేపుకి అవతలే ఉండాలి. ఎందుకంటే మనిషి ముందు నిలబడితే, గాలి వీపు వైపు నుంచి వచ్చి ఒంటికి ఇటూ అటూ చీలి పోతుంది, ఛాతీకి హుడ్‌కి మధ్య చిన్న సుడి ఏర్పడుతుంది, అంచు దగ్గర పెట్టిన బీకర్ పొగని ఆ సుడి లాక్కుని నేరుగా ముక్కు దగ్గరికి తెస్తుంది. ఆ రోజు ఆ ఎమ్మెస్సీ అమ్మాయికి ఉల్టా బ్లోయర్‌తో పాటు ఇదీ తోడైంది, బీకర్ అంచు దగ్గరే ఉంది, మేము ఎవరం చెప్పలేదు. రెండో గీత అద్దం పక్క ఫ్రేమ్ మీద, బల్ల నుంచి 18 అంగుళాల ఎత్తులో. పనిచేసేటప్పుడు అద్దం అంతకన్నా పైకి లేపకూడదు. అదే మోటార్, అదే గాలి, అద్దం రెండింతలు లేపితే వేగం సగానికి పడిపోతుంది. అద్దం మొహానికి అడ్డంగా ఉంటే ఏదైనా చిట్లినా, ఎగిసినా అదే కాపాడుతుంది. తల లోపలికి పెట్టి తొంగి చూసే పిల్లలు ఉంటారు, ఫ్లాస్క్ అడుగున ఏమైందో చూద్దామని, వాళ్లని మాత్రం అక్కడికక్కడే ఆపాలి. పని లేనప్పుడు అద్దం పూర్తిగా దించేయాలి.

ఇక సీలింగ్ ఫ్యాన్. ఇది మన ఊళ్ల సమస్య. ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటే చోట ఫ్యాన్ ఆపమంటే పిల్లలు పడిపోతారు, నాకు తెలుసు, నేనూ అదే ల్యాబ్‌లో ఉంటా. కానీ హుడ్ నోటి దగ్గర గాలి సెకనుకి అర మీటరే, మనిషి మామూలుగా నడిచి పోతేనే అది సెకనుకి దాదాపు 1.4 మీటర్లు, దానికే హుడ్‌లో పొగ ఊగుతుంది, ఇంక ఐదులో తిరిగే ఫ్యాన్ నెత్తి మీద ఉంటే హుడ్ ఎంత లాగినా దండగే. ల్యాబ్ మొత్తం ఫ్యాన్లు ఆపమనట్లేదు, హుడ్‌కి దగ్గర్లో ఉన్న ఒకటి రెండింటికి విడి స్విచ్ పెట్టించి హుడ్ పని జరిగేంతసేపు అవి ఆపండి, హుడ్ పనులు పొద్దున ఎనిమిది బ్యాచ్‌కి పెట్టండి, మధ్యాహ్నం బ్యాచ్‌కి హుడ్ అక్కర్లేని టైట్రేషన్లు ఇవ్వండి. మేము టైమ్ టేబుల్ అలా మార్చుకున్నాం, మా సార్ ఒప్పుకున్నారు, పెద్ద కష్టమేమీ కాలేదు. అలాగే హుడ్ ముందు నుంచి ల్యాబ్‌లోకి రాకపోకల దారి ఉంటే ఆ దారి మార్చండి, తలుపు పక్కనే హుడ్ బిగించిన చోట్లు చూశా, తలుపు తీసినప్పుడల్లా పొగ ఉలిక్కిపడినట్టు ఇవతలికొస్తుంది.

ఎండకి, దుమ్ముకి భయపడి కిటికీలన్నీ బిగించేసే ల్యాబులు కూడా ఉన్నాయి, ఏసీ పెట్టించిన చోట్లయితే మరీ. హుడ్ బయటికి తోసే గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి కదా. లెక్క చూడండి, ఐదడుగుల వెడల్పు హుడ్, అద్దం అడుగున్నర ఎత్తు, నిమిషానికి 100 అడుగుల వేగం, అంటే నిమిషానికి 750 ఘనపుటడుగుల గాలి. 30 అడుగుల పొడుగు, 20 వెడల్పు, 12 ఎత్తు ఉన్న గదిలో మొత్తం గాలి 7200 ఘనపుటడుగులు. పది నిమిషాల్లోపే గది గాలంతా ఆ హుడ్ మింగేస్తుంది. కొత్త గాలి రాకపోతే మోటార్ మొత్తుకుంటుందే తప్ప లాగలేదు. హుడ్‌కి దూరంగా ఉన్న కిటికీ తెరిచి పెట్టాలి, దగ్గర ఉన్నది మూయాలి.

ఎండలంటే గుర్తొచ్చింది, డైఇథైల్ ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. మన దగ్గర మే నెలలో స్టోర్ రూమ్ వేడి అంతకన్నా ఎక్కువే ఉంటుంది, అంటే బాటిల్‌లోనే మరిగే స్థితిలో ఉంటుంది, మూత తీస్తే బుస్సుమంటుంది. దాని ఆవిరి గాలి కన్నా రెండున్నర రెట్లు బరువు, బల్ల మీద కనపడకుండా పాకి దూరంగా వెలుగుతున్న బర్నర్ దాకా పోయి అక్కడ అంటుకుని మళ్లీ బాటిల్ దాకా మంట వస్తుంది. ఎండాకాలంలో ఈథర్ ఎక్స్‌ట్రాక్షన్ ప్రాక్టికల్స్ పెట్టకండి, పెట్టక తప్పదంటే హుడ్‌లోనే, పొద్దున్నే, బర్నర్ ఒక్కటీ లేకుండా. కిప్స్ అపరేటస్ అనే గాజు పరికరంతో హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ తయారుచేసి వాడే చోట్ల కూడా హుడ్ బయట ససేమిరా వద్దు. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే ఉందని తెలుస్తుంది అనుకుంటాం, కానీ పదిలక్షలకి 100 వంతులు దాటేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది, వాసన తగ్గిందని సంతోషపడేలోపు మనిషి కూలిపోవచ్చు.

హుడ్ ఉంటే ఏదైనా చేసేయొచ్చు అనుకోవడం కూడా ప్రమాదమే. మట్టి, ఆకు శాంపిల్స్‌ని నైట్రిక్, పెర్‌క్లోరిక్ యాసిడ్ కలిపి వేడి చేసి కరిగించే (డైజెస్ట్ చేసే) ల్యాబులు మన వైపు ఉన్నాయి, వ్యవసాయం చదువులు ఉన్న చోట. పెర్‌క్లోరిక్ ఆవిరి మామూలు హుడ్ గొట్టంలో చల్లబడి పేరుకుంటే పెర్‌క్లోరేట్ ఉప్పులు తయారవుతాయి, తర్వాతెప్పుడో ఎవరో గొట్టం విప్పడానికి సుత్తితో కొడితే పేలుతుంది. దానికి లోపల నీళ్లతో కడిగే ఏర్పాటున్న ప్రత్యేక హుడ్ ఉండాలి, లేకపోతే ఆ పని చేయొద్దు. రాళ్లు, ఖనిజాలు కరిగించడానికి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడే జియాలజీ వాళ్లు ఉంటారు, అది అద్దాన్నే తినేస్తుంది, చర్మం మీద పడితే లోపలి ఎముక దాకా పోతుంది, దానికి విరుగుడుగా పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన లేకుండా ఆ బాటిల్ మూత తీయకూడదు. ఇంకో పొరపాటు, మైక్రోబయాలజీ, బయోటెక్ ల్యాబుల్లో ఉండే లామినార్ ఫ్లోని హుడ్ అనుకుని దాంట్లో క్లోరోఫామ్ పోస్తారు. లామినార్ ఫ్లో లోపలి నుంచి మన మొహం మీదికే గాలి ఊదుతుంది, శాంపిల్‌ని దుమ్ము నుంచి కాపాడడానికి చేసింది అది, మనిషిని కాపాడడానికి కాదు, దాంట్లో దుమ్మును పట్టే హెపా ఫిల్టర్ ఆవిర్లని ఆపలేదు కూడా.

మంచి హుడ్ ముందు నిలబడి చనిపోయిన ఆవిడ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, కారెన్ వెట్టర్‌హాన్ అని అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్. 1996 ఆగస్టులో హుడ్‌లోనే పనిచేస్తుండగా డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరసం కలిసిన విషద్రవం ఒకటి రెండు చుక్కలు చేతి గ్లౌజు మీద పడ్డాయి. లేటెక్స్ గ్లౌజు, ఆ ద్రవం దాంట్లోంచి సెకన్లలో దూరిపోతుందని అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. నెలల తర్వాత మాట తడబడడం, నడక తూలడం మొదలై 1997 జూన్‌లో పోయారు. మన పిల్లలకి మనం ఇచ్చేవి కూడా ఆ సన్నటి లేటెక్స్ గ్లౌజులే, అన్ని పనులకీ అవే. ఏ కెమికల్‌కి ఏ గ్లౌజు అని కనీసం ఒక చార్ట్ గోడకి అంటించండి.

కరెంటు గురించి కూడా ఒక మాట. కరెంటు పోతే జనరేటర్ మీద లైట్లు, కంప్యూటర్లు వస్తాయి, బ్లోయర్ త్రీ ఫేజ్ కాబట్టి చాలా చోట్ల దాన్ని జనరేటర్‌కి కలపరు. లైట్లు వెలుగుతున్నాయి కదా అని పిల్లలు పని ఆపరు. పోయిన క్షణమే హీటింగ్ ఆపి, అద్దం దించేసి, బయటికొచ్చేయాలని మేము మొదటి క్లాసులోనే చెప్తున్నాం, ఒకసారి చేయించి చూపిస్తున్నాం కూడా. టెర్రస్ మీద గొట్టం కూడా చూడండి. ఒక హాస్టల్ కాంపౌండ్‌లో హుడ్ గొట్టం చివర టెర్రస్ మీద నడుం ఎత్తులో ఉంది, దాని పక్కనే వంట మనిషి మిరపకాయలు ఆరబోసుకుంది, అవి రేపు పిల్లల కూరలో పడేవి. గొట్టం కప్పు మీద పదడుగులన్నా పైకి లేవాలి, గాలి నేరుగా ఆకాశంలోకి పోవాలి, వాన పడుతుందని పైన టోపీ పెడితే పొగ కొట్టుకుని మళ్లీ కిందికే వస్తుంది.

మేనేజ్‌మెంట్ పెద్దలకి ప్రత్యేకంగా ఒక విన్నపం. కొత్త హుడ్ కొనే డబ్బులు అడగట్లేదు. ఉన్న హుడ్‌లని ప్రాక్టికల్స్ మొదలయ్యే ముందు ఒకసారి, సెమిస్టర్ మధ్యలో ఒకసారి కొలిపించి, తేదీ, వేగం రాసిన కాగితం హుడ్ మీద అంటించండి. మోటార్ రిపేర్‌కి పోయి వచ్చిన ప్రతిసారీ, బెల్ట్ మార్చిన ప్రతిసారీ మళ్లీ కొలిపించండి, బిల్లు పాస్ చేసే ముందు ఆ కాగితం అడగండి, అంతే, ఎలక్ట్రీషియన్ తనే బాణం వెతుక్కుంటాడు. హుడ్ పనిచేయట్లేదని తేలితే దానికి తాళం వేసి ఆ ప్రయోగం ఆపేయండి. సిలబస్ పూర్తి కాలేదని ఎవరైనా అంటే నన్ను పంపండి, నేను చెప్తా. సెమీ మైక్రో పద్ధతిలో గ్రాముల్లో చేసేది మిల్లీగ్రాముల్లో చేయించొచ్చు, పొగ అంత తక్కువ.

హెచ్‌ఓడీ సార్లకి, మేడమ్‌లకి ఒకటే అడుగుతున్నా. ల్యాబ్‌లో అటెండర్ గానీ, ఫస్టియర్ పిల్ల గానీ "పొగ బయటికొస్తాంది" అంటే ఆ మాటకి పని ఆగిపోవాలి. ఎవరూ అడిగిన వాళ్లని కసరకూడదు, మార్కులు కోయకూడదు. ఆ రోజు ఆ అమ్మాయి సరిగ్గా చూసింది, సరిగ్గా చెప్పింది, వినాల్సిన నేను వినలేదు. ఇప్పుడు తను సెకండియర్. ల్యాబ్‌లోకి రాగానే బ్యాగ్ కూడా దించకుండా ముందు హుడ్ దగ్గరికి పోయి టిష్యూ ముక్క వైపు చూస్తుంది, లోపలికి ఒరిగి ఉందంటేనే వచ్చి కోటు వేసుకుంటుంది. జూనియర్లు తనని చూసి అదే చేస్తున్నారు, ఎవరూ చెప్పకుండానే.

ఈ మూడు జిల్లాల్లో ఏ కాలేజీ అయినా సరే, ప్రైవేటైనా గవర్నమెంటైనా, చూపించాలనుకుంటే మా కాలేజీ ద్వారా కబురు పెట్టండి, ఆదివారాలు నాకు సెలవే, పొద్దున బస్సెక్కి వస్తా. డబ్బులేమీ వద్దు, ఎనిమోమీటర్ నా దగ్గరున్నదే తెస్తా. మీ ల్యాబ్ అసిస్టెంట్‌ని, మీ ఎలక్ట్రీషియన్‌ని ఆ పూట ఉండమనండి, ఇద్దరికీ నేర్పించి వస్తే తర్వాత నా అవసరం ఉండదు. హుడ్ ముందు రోజే ఖాళీ చేయించి పెట్టండి. టెర్రస్ తాళం చెవి కూడా ముందే వెతికించి పెట్టండి, నేను వెళ్లిన రెండు చోట్ల అది ఎవరి దగ్గరుందో తెలియక బ్లోయర్ చూడకుండానే తిరిగొచ్చా.

ఇట్లు,
ఒక ల్యాబ్ అసిస్టెంట్,
అనంతపురం